పిడికెడు బియ్యం బరువెంత?

మిజో కొండల్లోని వంటిళ్ళనూ, ఇంగ్లండులో ఒక ‘పిసినారి’ గదినీ కలిపిన దానగాథ

పొయ్యి రాజుకుంటుంది. ఇల్లాలు ఆ పూటకు కావలసిన బియ్యం కొలిచి గిన్నెలో పోస్తుంది. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న వేరే డబ్బాలో వేస్తుంది. ఆ గింజలు ఇక ఆ ఇంటివి కావు. మరుపూట వంటప్పుడూ అంతే. మిజోరం కొండల్లో నూరేళ్ళకు పైబడి సాగుతున్న ఈ ఆచారాన్ని అక్కడివారు ‘బుఫాయ్ థామ్’ అంటారు. పిడికెడు బియ్యం అని దాని అర్థం.

1910లో మిజో క్రైస్తవ స్త్రీలు దీనిని ప్రారంభించారు. అప్పటికి ఆ కొండల్లో క్రైస్తవ మతం అడుగుపెట్టి పదహారేళ్ళే అయింది. అడవి నరికి, తగులబెట్టి, ఆ బూడిదలో విత్తనం చల్లి పండించుకునే జనం వారు. చేతిలో రొక్కం ఆడేది బహు తక్కువ. ఇవ్వడానికి వారివద్ద ఉన్నది తిండిగింజ ఒక్కటే, దానినే ఇచ్చారు. ఇంటింటా కూడిన బియ్యాన్ని సేకరించి, అమ్మి, వచ్చిన సొమ్మును సువార్త సేవకు వెచ్చించేవారు.

మరుసటి సంవత్సరమే పరీక్షాకాలం వచ్చింది. మిజో కొండల్లోని ఒక జాతి వెదురు దాదాపు నలభై ఎనిమిదేళ్ళకొకమారు మూకుమ్మడిగా పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు అసంఖ్యాకంగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పంటచేల మీద పడతాయి. 1911-12లో సంభవించిన అటువంటి కరవు ఆ కొండలను అతలాకుతలం చేసింది. పూట గడవడమే గండమైన రోజుల్లో గిన్నెలోంచి తీసే పిడికెడంటే పిల్లల కంచంలోని ముద్దే. అయినా ఆచారం అంతరించలేదు. 1959లోనూ, 2007లోనూ వెదురు కరవు తిరిగి వచ్చింది. పిడికెడు బియ్యం వాటినీ దాటి నిలిచింది.

ఫలితం సామాన్యమైనది కాదు. మిజో ప్రెస్బిటేరియన్ సంఘం ఈనాడు వెయ్యిమందికి పైగా సేవకులను తమ కొండల వెలుపలి ప్రాంతాల్లో పోషిస్తున్నది. ఆ పోషణలో వంటింటి డబ్బాది గణనీయమైన పాలు. 1897లో వేల్స్ దేశపు సంఘం మిజో కొండలకు మిషనరీని పంపింది. ఈ శతాబ్దంలో మిజో సంఘమే వేల్స్‌కు పాదరులను పంపింది.

ధనిక దేశాలు ఇవ్వాలి, పేద దేశాలు పుచ్చుకోవాలి అన్న భావాన్ని తిరస్కరించినవారు దక్షిణాదిలోనూ ఉన్నారు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతో, తమ సేవకులతో, తమ నిర్వహణలో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించుకున్నారు. తెలుగునాట దోర్నకల్లు వారి తొలి సేవాక్షేత్రం. ఆ స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు.

అయితే మిజో కొండలకు తొలి మిషనరీలను పంపిన సొమ్ము ఎవరిది? 1894 జనవరి 11న జె.హెచ్. లోరెయిన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్ అనే ఇద్దరు యువకులు అక్కడికి చేరుకున్నారు. నాలుగేళ్ళు నిండకుండానే మిజో భాషకు రోమన్ లిపిని కూర్చి, లూకా, యోహాను సువార్తలనూ, అపొస్తలుల కార్యాలనూ అనువదించారు. వారి ఖర్చు భరించినవాడు ఇంగ్లండులోని లీడ్స్ నగరవాసి రాబర్ట్ ఆర్థింగ్టన్.

ఆయనను ఇరుగుపొరుగువారు ‘హెడింగ్లీ పిసినారి’ అని పిలిచేవారు. ఆ పేరు అకారణంగా రాలేదు. పెద్ద ఇల్లుండీ ఒకే గదిలో కాపురం, తన వంట తానే చేసుకునేవాడు, భార్యాబిడ్డలు లేరు. కాని ఆఫ్రికాలో కాంగో నదిమీద మిషనరీలు తిరగడానికి ఆవిరి పడవ కావలసివస్తే సొమ్మిచ్చినది ఆ పిసినారే. 1900లో ఆయన మరణించేనాటికి ఆస్తి సుమారు పది లక్షల పౌన్లు. అందులో అత్యధిక భాగం మిషనరీ సంఘాలకే చెందింది.

ఆయన ఏకాంత జీవితం అందరికీ ఆదర్శం కాజాలదు. కుటుంబం కలవారు ఒంటిగదిలో ఉండనక్కరలేదు. కొరత దానంతట అదే పుణ్యం కాదు. కాని ఆయన జీవితంలో ఒక విశేషం గమనింపదగినది. ఆస్తి పెరిగింది, గది పెరగలేదు.

పిడికెడు బియ్యం ముందున్న సమస్య సరిగా ఇక్కడే ఉంది. మనిషి పిడికిలి నూరేళ్ళలో పెరగలేదు. దాని చుట్టూ ఉన్న ఇల్లు పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరంలో అక్షరాస్యులు 91 శాతానికి పైగా. క్రైస్తవులు 87 శాతం. ఉద్యోగాలు వచ్చాయి, మోటారు వాహనాలు, మొబైల్ ఫోన్లు వచ్చాయి. 1910లో ఒక పిడికెడు తీస్తే కంచంలో ఆ వెలితి కనిపించేది. నెల జీతం అందుకునే ఇంట అదే పిడికెడు తీస్తే ఎవరికీ తెలియదు. ఆచారం చెక్కుచెదరలేదు. త్యాగం మాత్రం దానిలోంచి చడీచప్పుడూ లేకుండా జారిపోగలదు. ఈ ప్రమాదం మిజో కొండలకే పరిమితం కాదు. ఆదాయం పెరిగినా కానుక కవరులో అదే పాత నోటు వేసివచ్చే ప్రతి విశ్వాసికీ ఇది వర్తిస్తుంది.

దేవాలయపు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి ఉదంతం క్రైస్తవులకు సుపరిచితం. ధనికులకన్న ఆమే ఎక్కువ వేసిందని యేసు తీర్పు చెప్పాడు. పెట్టెలో పడినదానిని కాదు, ఇచ్చిన చేతిలో మిగిలినదానిని బట్టి ఆయన తూచాడు.

ఆ తూనికలో ఆర్థింగ్టన్ లక్షలూ, 1911 నాటి మిజో తల్లి పిడికెడూ పక్కపక్కనే నిలుస్తాయి. మరి ఈనాటి పిడికెడు ఎంత తూగుతుంది? అందుకు జవాబు డబ్బాలో దొరకదు. పొయ్యిమీద ఉడుకుతున్న గిన్నెలోకి తొంగిచూడవలసిందే.