కాగోమె జాలకంలో అయస్కాంతత్వం: మాంగనీసు–తగరం స్ఫటికం

జపానులో వెదురుబుట్టల అల్లికలలో ఒకదానికి ‘కాగోమె’ అని పేరు. త్రిభుజాలు శీర్షాల వద్ద కలుస్తూ నడుమ షడ్భుజాలను విడిచే ఈ అమరికను 1951లో ఇటిరో షోజి గణాంక భౌతికశాస్త్రంలో ప్రవేశపెట్టాడు.

పొరుగు స్పిన్‌లు వ్యతిరేక దిశల్లో నిలవాలన్నది యాంటీఫెర్రో అయస్కాంత నియమం. చతురస్ర జాలకంలో ఇది సులభసాధ్యం. త్రిభుజంలో రెండు స్పిన్‌లు ఎదురెదురుగా నిలిస్తే, మూడవదానికి ఆ రెండింటికీ వ్యతిరేకమైన దిశ మిగలదు. మూడు పాళ్ల మాంగనీసు, ఒక పాలు తగరం గల లోహస్ఫటికం ఇక్కడ రాజీపడుతుంది: సుమారు 420 కెల్విన్‌ల దిగువన స్పిన్‌లు ఒకే తలంలో 120 డిగ్రీల కోణాలతో అమరుతాయి. ఒక్కో మాంగనీసు పరమాణువుకు మిగిలే భ్రామకం దాదాపు 0.002 బోర్ మాగ్నెటాన్ మాత్రమే.

అసంగత హాల్ ప్రభావం అయస్కాంతీకరణకు అనుపాతంలో ఉంటుందన్న పాత అభిప్రాయమే నిజమైతే, ఇందులో అది కనిపించరాదు. అయినా 2015లో సతోరు నకత్సుజి బృందం గది ఉష్ణోగ్రత వద్దనే దానిని స్పష్టంగా కొలిచింది. కారణం ఎలక్ట్రాన్ స్థితుల బెర్రీ వక్రత. దానిని నిర్ణయించేది అయస్కాంతీకరణ పరిమాణం కాదు, స్పిన్‌ల అమరికలోని సౌష్ఠవం. అయితే ఆ స్వల్ప శేషం నిరుపయోగమేమీ కాదు. దాని ఆధారంగానే కొన్ని వందల ఎర్‌స్టెడ్‌ల క్షేత్రం మొత్తం అమరికను తిప్పివేసి, హాల్ వోల్టేజి గుర్తును మార్చగలుగుతోంది.