తటస్థత, సరిహద్దు ద్వారము: చిన్న దేశము సైనికముగా తటస్థముగా ఉండవచ్చునా?
(ఓబద్యా ప్రవచనము వెలుగులో స్విట్జర్లాండు అనుభవము)

ఉపోద్ఘాతము

కొంతకాలము క్రితము పాస్టర్ల అధ్యయన తరగతిలో ఓబద్యా గ్రంథమును ధ్యానించుచుండగా ఒక యౌవన సేవకుడు లేచి ఇట్లు అడిగాడు: “అయ్యగారూ, ఎదోము చిన్న దేశము. బబులోను వచ్చి యెరూషలేమును కొట్టుచుంటే అది పక్కన నిలిచినది. ఏనుగులు పోరాడుచున్నప్పుడు లేగదూడ పక్కకు తప్పుకుంటే అది పాపమా?” ఆ దినమున తొందరపడి ఏదో జవాబు చెప్పాను గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె ఒక దేశ చరిత్రలో పరిశీలించుట మేలు. తటస్థతను బహుకాలము పాటించిన చిన్న దేశము స్విట్జర్లాండు. పైగా అది జ్వింగ్లీ, కాల్విను, బార్త్ వంటి వేదాంతులు సేవ చేసిన దేశము. కాబట్టి అక్కడి సంఘము ఈ విషయములో ఏమి నేర్చుకొన్నదో మనము కూడ నేర్చుకొనవచ్చును.

1. తటస్థత అనగా నేమి?

మొదట ఒక భేదమును గమనించవలెను. మన భారతదేశము 1961లో బెల్‌గ్రేడు మహాసభతో రూపుదిద్దుకొన్న అలీనోద్యమములో ముఖ్య పాత్ర వహించినది. అలీనత అనగా అగ్రరాజ్యముల కూటములలో చేరకుండ ప్రతి సమస్యపై స్వతంత్రముగా అభిప్రాయము చెప్పుట. అది యుద్ధములో పాల్గొనబోమను వాగ్దానము కాదు. తటస్థత వేరు. అది అంతర్జాతీయ న్యాయశాస్త్రములో హక్కులు, బాధ్యతలు గల ఒక స్థితి.

1907లో హేగ్ నగరములో జరిగిన ఒప్పందము ఈ బాధ్యతలను స్పష్టపరచినది. తటస్థ దేశపు భూభాగమును ఎవరును ఆక్రమించరాదు. యుద్ధము చేయుచున్న దేశములు తమ సైన్యములను ఆ భూమి మీదుగా నడిపించరాదు. సరిహద్దు దాటి వచ్చిన సైనికులను తటస్థ దేశము నిర్బంధములో ఉంచవలెను. ఆయుధ వ్యాపారముపై ఆంక్షలు పెట్టినయెడల ఇరుపక్షములకు సమానముగా పెట్టవలెను. తన భూమిని కాపాడుకొనుటకు అది బలమును ప్రయోగించినను దానిని శత్రుచర్యగా ఎంచరాదు. కాబట్టి తటస్థత అనగా ఆయుధములు లేకుండుట కాదు. స్విట్జర్లాండులో పురుషులకు సైనికసేవ నేటికిని తప్పనిసరి.

2. స్విస్ తటస్థత పుట్టిన విధము

పదహారవ శతాబ్దపు ఆరంభములో స్విస్ వారు శాంతిపరులుగా పేరుపొందినవారు కారు. వారి యౌవనులు కూలికి యుద్ధము చేయు సిపాయిలుగా ఐరోపా రాజులకు అమ్ముడుపోయేవారు. ఆ బేరము కుదిర్చిన పెద్దలకు రాజులనుండి భరణములు వచ్చేవి. 1515లో ఇటలీలోని మారిన్యానో వద్ద ఫ్రెంచి సైన్యము చేతిలో వారు ఘోరముగా ఓడిపోయారు. గ్లారుస్ సైనికుల వెంట గురువుగా ఇటలీకి వెళ్లిన ఉల్రిచ్ జ్వింగ్లీ ఈ రక్తవ్యాపారమును కన్నులార చూచి, తరువాత జ్యూరిక్ ప్రసంగపీఠము నుండి దానిని ఖండించాడు. బిడ్డల రక్తమును అమ్ముకొనరాదను ఈ హెచ్చరిక స్విస్ తటస్థతకు నైతికమైన ఒక వేరు. అయితే అదే జ్వింగ్లీ 1531లో కాపెల్ యుద్ధములో, స్వదేశీయుల మధ్య పోరులో, మరణించాడు. మానవ చరిత్ర అంత సరళమైనది కాదు.

కాథలిక్కు, ప్రొటెస్టెంటు ప్రాంతములు కలిసియున్న ఆ దేశము బయటి మతయుద్ధములలో చేరినయెడల లోపలనే చీలిపోయేది. కాబట్టి 1618 నుండి 1648 వరకు జరిగిన ముప్పది ఏండ్ల యుద్ధములో అది ఎడముగా ఉన్నది. నెపోలియను పతనము తరువాత 1815లో ఐరోపా మహారాజ్యములు దాని శాశ్వత తటస్థతను గుర్తించాయి. అది ఆ రాజ్యములకు కూడ లాభమే. ఆల్ప్స్ కనుమలు ఏ ఒక్కరి చేతిలోను ఉండకుండుట అందరికిని క్షేమము.

3. తటస్థత రక్షణనిచ్చునా?

కాగితము మీది తటస్థత దానంతట అది రక్షించదు. బెల్జియము తటస్థతకు 1839లో లండను ఒప్పందము ద్వారా మహారాజ్యములు హామీ ఇచ్చాయి. హామీ ఇచ్చినవారిలో ప్రష్యా కూడ ఉన్నది. అయినను 1914 ఆగస్టు 4న జర్మను సైన్యము బెల్జియములో ప్రవేశించినది. 1940 ఏప్రిల్‌లో డెన్మార్కు, నార్వే, మే నెలలో నెదర్లాండ్సు, మరల బెల్జియము ఆక్రమించబడ్డాయి. ఇవన్నియు తటస్థ దేశములే.

స్విట్జర్లాండు ఎందుకు మిగిలినది? కొండలు ఒక కారణము. జనరల్ హెన్రీ గీజాన్ నాయకత్వములో సమీకరించబడిన నాలుగు లక్షలకు పైబడిన సైన్యము మరియొక కారణము. ఇంకొక కారణమును ఆ దేశము బహుకాలము చెప్పుకొనలేదు. ఆక్రమించుటకంటె వదిలివేయుటయే జర్మనీకి లాభము. గొట్టార్డు, సింప్లాను రైలు సొరంగములు జర్మనీని ఇటలీతో కలిపేవి. స్విస్ కర్మాగారములు జర్మనీకి యంత్రములు, ఆయుధములు అమ్మాయి. స్విస్ జాతీయ బ్యాంకు జర్మను రైక్ బ్యాంకు నుండి సుమారు 120 కోట్ల ఫ్రాంకుల విలువగల బంగారము కొన్నది. అందులో బెల్జియము, నెదర్లాండ్సు దేశముల నుండి దోచుకొన్న బంగారము కూడ ఉన్నది. దీని నిమిత్తము 1946లో వాషింగ్టను ఒప్పందము ప్రకారము స్విట్జర్లాండు 25 కోట్ల ఫ్రాంకులు చెల్లించవలసి వచ్చినది.

4. లేఖన వెలుగు: ఎదోము చేసిన తప్పు ఏమి?

ఇప్పుడు లేఖనమునకు వత్తము. చిన్న దేశము తన సరిహద్దును కాపాడుకొనుట పాపమని బైబిలు చెప్పుటలేదు. ఇశ్రాయేలీయులు తమ దేశముగుండ పోవుటకు ఎదోము అనుమతి నిరాకరించినప్పుడు వారు చుట్టూ తిరిగి వెళ్లారు (సంఖ్యా. 20:14-21). ఏశావు సంతానముతో కలహపడవద్దనియు, ఆహారమును నీటిని రూకలిచ్చి కొనవలెననియు దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 2:4-6). అనగా దేవుడే ఆ చిన్న దేశపు హద్దును గౌరవించాడు.

అట్లే కూటములలో చేరకపోవుట కూడ అవిశ్వాసము కాదు. సిరియా రాజు, ఇశ్రాయేలు రాజు కలిసి యూదాపైకి వచ్చినప్పుడు ఆహాజు దేవాలయపు వెండి బంగారములు అష్షూరు రాజుకు పంపి అతనికి దాసుడైనాడు (2 రాజులు 16:7-8). నెమ్మదిగా ఉండుమని, భయపడవద్దని యెషయా అతనికి ముందే చెప్పాడు (యెషయా 7:4). తరువాత ఐగుప్తు రథములను ఆశ్రయించినవారిని కూడ అదే ప్రవక్త గద్దించాడు (31:1). చిన్న రాజ్యము పెద్ద రాజ్యముల నీడకు పరుగెత్తుటలోని అపాయము ఆయనకు తెలియును. అయితే అదే గ్రంథములో మరియొక మాట ఉన్నది: పారిపోయి వచ్చిన మోయాబీయులకు చాటు కల్పించవలెనని, వారిని పట్టి ఇయ్యరాదని (16:3-4). కూటమికి దూరము, శరణార్థికి ఆశ్రయము. ఈ రెండును ఒకే గ్రంథములో కలవు.

మరి ఎదోము మీద ఓబద్యా మోపిన నేరము ఏమి? పండితులలో అనేకులు ఈ ప్రవచనమును క్రీ.పూ. 587-586లో జరిగిన యెరూషలేము పతనముతో ముడిపెట్టుదురు. 11 నుండి 14 వచనములను వరుసగా చదువుడి. మొదట ఎదోము దూరముగా నిలిచినది. తరువాత సహోదరుని శ్రమదినమును చూచి సంతోషించినది. ఆ తరువాత అతని ఆస్తిమీద చెయ్యి వేసినది. చివరకు అడ్డత్రోవలలో నిలిచి, తప్పించుకొని పారిపోవువారిని పట్టి అప్పగించినది. అది నాలుగు మెట్లుగా దిగిపోయినది. పక్కన నిలుచుట మొదటి మెట్టు మాత్రమే. అక్కడనే ఆగుట ఎంత కష్టమో ప్రవక్త చూపుచున్నాడు. దూరముగా నిలిచిన దినముననే అది కూడ శత్రువులలో ఒకటి వలె ఆయెనని ఆయన తీర్పు.

ఎదోమును స్విట్జర్లాండుతో సమానము చేయుట న్యాయము కాదు. ఎదోము దోపిడిలో పాలుపొందినది. స్విట్జర్లాండు చుట్టూ 1940 జూన్ తరువాత శత్రువలయము ఏర్పడినది. దాని బొగ్గు జర్మనీ నుండి రావలసినదే. అయినను ఆస్తి, అడ్డత్రోవ అను రెండు మెట్లు ఆ దేశ చరిత్రలో మనకు కనబడక మానవు. బంగారము సంగతి చూచితిమి. ఇక అడ్డత్రోవ సంగతి చూతము.

5. 1942 ఆగస్టు: మూయబడిన ద్వారము

1938లోనే స్విట్జర్లాండు, జర్మనీల మధ్య జరిగిన ఏర్పాటు ప్రకారము జర్మను యూదుల పాస్‌పోర్టులపై “జె” అను అక్షరముద్ర వేయబడినది. 1942 ఆగస్టు 13న సరిహద్దు దాటి వచ్చు పౌరులను వెనుకకు పంపవలెనని అధికారులు ఉత్తర్వు ఇచ్చారు. జాతి కారణముగా మాత్రమే పారిపోయి వచ్చినవారు రాజకీయ శరణార్థులు కారని దానిలో వ్రాయబడినది. ఆ దినములలోనే ఫ్రాన్సు నుండి యూదులను తూర్పు ప్రాంతములలోని మరణశిబిరములకు తరలించుచున్నారు.

క్రైస్తవురాలైన గెర్ట్రూడ్ కుర్జ్ శరణార్థుల పక్షముగా మంత్రి ఎడ్వర్డ్ ఫాన్ స్టైగర్‌ను స్వయముగా కలిసి వేడుకొన్నది. కొంత సడలింపు వచ్చినది గాని అది నిలువలేదు. ఆగస్టు 30న జ్యూరిక్ నగరములోని ఓర్లికాన్‌లో క్రైస్తవ యౌవనుల పెద్ద కూడిక జరిగినది. ఆ మంత్రి అక్కడికి వచ్చి తమ దేశమును ఇప్పటికే నిండిపోయిన చిన్న పడవతో పోల్చాడు. అదే కూడికలో పాస్టరు వాల్టర్ లూథి ఈ విధానములో ప్రేమ లేదనియు, వేషధారణ ఉన్నదనియు, ఇంతవరకు కాపాడిన దేవునియెడల కృతజ్ఞత లేదనియు బహిరంగముగా గద్దించాడు. ఒకే వేదిక మీద రాజ్యపు లెక్క, సంఘపు సాక్ష్యము ఎదురుపడ్డాయి.

1996లో పార్లమెంటు నియమించిన బెర్జియే కమిషను తన తుది నివేదికను 2002లో ఇచ్చినది. దాని లెక్క ప్రకారము యుద్ధకాలములో సుమారు 51 వేలమంది పౌర శరణార్థులకు ఆశ్రయము దొరికినది. వారిలో 20 వేలకు పైగా యూదులు. మరియొక 20 వేలకు పైగా శరణార్థులు త్రిప్పి పంపబడ్డారు. ఈ చివరి సంఖ్యపై చరిత్రకారులలో వాదోపవాదములు ఉన్నవి. కాని ద్వారము మూయబడినదను విషయములో వాదము లేదు. 1995లో అధ్యక్షుడు కాస్పర్ విల్లిగర్ ఆ ముద్ర విషయమై తన దేశము పక్షమున క్షమాపణ చెప్పాడు.

6. తటస్థత చేసిన మేలు

రెండవ వైపు కూడ చెప్పకపోతే అన్యాయము. 1859లో సోల్ఫెరీనో యుద్ధభూమిలో గాయపడినవారిని చూచిన జెనీవా వాస్తవ్యుడు హెన్రీ డ్యూనాంట్ తలంపు నుండి 1863లో రెడ్‌క్రాస్ పుట్టినది. కొరియా యుద్ధము ముగిసినప్పుడు, 1953లో, యుద్ధఖైదీల విషయము చూచుటకు ఏర్పడిన తటస్థ దేశముల సంఘములో స్విట్జర్లాండు సభ్యత్వము వహించినది. ఆ సంఘమునకు అధ్యక్షత వహించినది మన దేశమే. ఎవరి పక్షమునను లేనివాడు మాత్రమే ఇరువురి ఇంటికి వెళ్లగలడు.

1944లో బుడాపెస్టులో ఉన్న స్విస్ దౌత్యాధికారి కార్ల్ లుట్జ్ తన దేశపు తటస్థ హోదానే ఆధారము చేసికొని రక్షణపత్రములు జారీచేసి వేలాది యూదులను కాపాడాడు. అధికార పరిధి దాటినందుకు స్వదేశములో మందలింపబడ్డాడు. సాంక్ట్ గాలెన్ ప్రాంతపు పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్ 1938-39లో తేదీలు మార్చి వ్రాసి వందలాది మందిని లోపలికి రానిచ్చాడు. ఉద్యోగము పోయినది. 1940లో శిక్ష పడినది. 1972లో బీదవాడుగా మరణించాడు. 1995లో మాత్రమే న్యాయస్థానము అతనిని నిర్దోషిగా ప్రకటించినది. వీరిద్దరు తమ దేశపు తటస్థతను ద్రోహము చేయలేదు, దానికి అర్థము కల్పించారు.

7. బార్త్ సాక్ష్యము, బార్త్ పరిమితి

1935లో జర్మనీ నుండి బాసెల్‌కు తిరిగివచ్చిన కార్ల్ బార్త్ దేశపు తటస్థతను తిరస్కరించలేదు. యాబది దాటిన వయస్సులో 1940లో స్వచ్ఛందముగా సైన్యపు సహాయక దళములో చేరి కాపలా కాచాడు. అయితే రాజ్యము తటస్థముగా ఉండుట సంఘము మౌనముగా ఉండుటకు అనుమతి కాదని ఆయన బోధ. 1941లో ఆయన చేసిన ప్రసంగము పత్రికా నియంత్రణను, శరణార్థుల విధానమును విమర్శించినందున ప్రభుత్వము దాని ప్రచురణను నిషేధించినది.

కాని 1956లో సోవియట్ సైన్యము హంగేరిని అణచివేసినప్పుడు బార్త్ మౌనముగా ఉన్నాడని అమెరికా వేదాంతి రైన్‌హోల్డ్ నీబూర్ ప్రశ్నించాడు. ఆ ప్రశ్న నేటికిని బరువైనదే. ఒక దినమున మాటలాడిన ప్రవక్త మరియొక దినమున మౌనము వహించవచ్చును. అందుచేత మన సాక్ష్యము ఒక గొప్ప మనిషి మీద కాక వాక్యము మీద ఆధారపడవలెను.

ముగింపు

కాలము మారుచున్నది. 2022లో రష్యా సైన్యము ఉక్రెయినుపై దండెత్తిన తరువాత ఫిన్లాండు 2023లో, స్వీడను 2024లో నాటో కూటమిలో చేరాయి. స్విట్జర్లాండు చేరలేదు గాని 2022 ఫిబ్రవరి 28న యూరోపియన్ యూనియన్ ఆర్థిక ఆంక్షలను అంగీకరించినది. తాము తయారుచేసిన మందుగుండును జర్మనీ ఉక్రెయినుకు పంపుటకు మాత్రము అనుమతి నిరాకరించినది. మార్చి నెలలో ఉక్రెయిను శరణార్థులకు ప్రత్యేక ఆశ్రయ హోదాను మొట్టమొదటి పర్యాయము అమలుచేసినది. ఎనుబది ఏండ్ల క్రితము మూసిన ద్వారము ఈసారి తెరువబడినది.

కాబట్టి ఆ యౌవన సేవకునికి నా జవాబు ఇది. చిన్న దేశము సైనికముగా తటస్థముగా ఉండవచ్చును. కూటమిలో చేరిన పొరుగు దేశము పాపము చేసినదనియు చెప్పలేము. లేఖనము ఈ రెంటిలో ఒకదానిని విధించుట లేదు. కాని తటస్థముగా ఉన్న దేశమును అడుగుటకు ఓబద్యా మనకు మూడు ప్రశ్నలు ఇచ్చుచున్నాడు. పొరుగువాని శ్రమను చూచి లోలోపల సంతోషించుచున్నావా? అతని నష్టములో నీ లాభము వెదకుచున్నావా? పారిపోయి వచ్చినవానికి నీ అడ్డత్రోవలో ఏమి జరుగుచున్నది? ఈ మూడింటికి నిర్మలమైన మనస్సాక్షితో జవాబు చెప్పగలిగిన తటస్థత జ్ఞానము. చెప్పలేని తటస్థత ఎదోము త్రోవ.

లేగదూడ పక్కకు తప్పుకొనుట పాపము కాదు, తమ్ముడా. కాని గాయపడినవాడు ప్రాకుకొనుచు నీ వాకిటికి వచ్చినప్పుడు నీవు ఏ పక్షము అని అడుగువాడు ఏనుగు కాదు, దేవుడు. యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును కూడ పక్కగా పోయినవారే (లూకా 10:31-32). మన ఊరిలో రెండు వర్గముల మధ్య గొడవ లేచినప్పుడు “మేము ఎవరి పక్షము కాము” అని చెప్పుకొను సంఘములమైన మనము, ఆ రాత్రి మన ప్రార్థనామందిరపు తలుపు తీసి ఉన్నదో లేదో మొదట చూచుకొందము.