గుంటూరు నుండి బోస్టనుకు ఎన్ని గంటలు?

కుమార్తె పురిటికని, మనవలను చూడాలని అమెరికాకు ఒంటరిగా బయలుదేరే తల్లులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వారికొరకు ప్రార్థన చేస్తాము, 121వ కీర్తన చదువుతాము. అయితే టిక్కెట్టు చదవడం మాత్రం ఎవరూ నేర్పరు.

గుంటూరుకు, బోస్టనుకు ఉన్న సంబంధం పాతది. ఫాదర్ హయ్యర్ 1841 అక్టోబరులో బోస్టను రేవులో ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. తొమ్మిది నెలలు దాటింది! అప్పటికి సూయెజ్ కాలువ లేదు. ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిందే. ఆయన సిలోనులో దిగి, అక్కడినుండి మన దేశానికి వచ్చారు. 1869లో, 76 ఏళ్ల వయసులో, అదే పెద్దాయన మళ్లీ మన ప్రాంతానికి బయలుదేరారు.

హైదరాబాదు నుండి బోస్టనుకు ఆకాశమార్గాన సుమారు 12,700 కిలోమీటర్లు. దుబాయిలో విమానం మారితే మొదట 2,550, తరువాత 10,700. పటంలో చూస్తే విమానం నేరుగా పడమటికి పోవాలి కదా అనిపిస్తుంది. కాని ఒక బత్తాయిపండు తీసుకొని, రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి చూడండి. దారం తొడిమ వైపుకు వంగుతుంది. విమానం కూడా అలాగే ఉత్తరానికి వంగి వెళుతుంది. అదే దగ్గర దారి.

ఇక గడియారం సంగతి. టిక్కెట్టులో ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేస్తారు. చలికాలంలో సోమవారం ఉదయం 10 గంటలకు హైదరాబాదులో ఎక్కారనుకోండి. దుబాయికి నాలుగు గంటలు, అక్కడ ఆగడం మూడు, తరువాత పద్నాలుగు. మొత్తం 21 గంటలు. బోస్టనులో దిగేసరికి అక్కడ సోమవారం రాత్రి 8.30, మన ఇంట్లో మంగళవారం ఉదయం 7. టిక్కెట్టు మాత్రం పదిన్నర గంటల ప్రయాణమే అన్నట్టు కనబడుతుంది. "అమ్మ ఇంకా ఫోను చేయలేదే" అని రాత్రంతా మేలుకొనే ఇళ్లకు ఈ లెక్క తెలియాలి.

మధుమేహం ఉన్నవారికి ఇది ప్రాణముతో కూడిన లెక్క. మాత్ర, ఇన్సులిన్ ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద వ్రాయించుకోవాలి. ఇన్సులిన్‌ను, డాక్టరు చీటీని చేతిసంచిలోనే ఉంచాలి. పెద్ద పెట్టెలో వేయరాదు. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు నడవాలి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ఇంగ్లీషు రానివారు టిక్కెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పించుకోవడం మంచిది. దానికి సిగ్గెందుకు? విమానం మారేచోట దాన్ని తోసే మనిషే దారి చూపుతాడు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనుకనుండి తోస్తుంది గనుక బోస్టను నుండి దుబాయికి గంట, గంటన్నర తగ్గుతుంది. కాని తేదీ ముందుకు దూకుతుంది. అక్కడ సోమవారం రాత్రి 10కి ఎక్కినవారు హైదరాబాదులో దిగేది బుధవారం తెల్లవారుజామున. కారు మాట్లాడేవారు మంగళవారం రాత్రి భోజనం చేసి బయలుదేరితే సరిపోతుంది.