బీచ్ బంతి గ్రహాంతరవాసి అయితే: చవక సైన్స్ ఫిక్షన్ కామెడీలు ఎందుకంత నచ్చుతాయి?

2024 జూన్‌లో వారం తేడాతో రెండు భారతీయ సినిమాలు విడుదలయ్యాయి. రెండూ రాబోయే కాలాన్ని చూపించినవే. జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి సుమారు 600 కోట్ల రూపాయలు ఖర్చయిందని వార్తలొచ్చాయి. అంతకు ఆరు రోజుల ముందు, జూన్ 21న, కేరళలో 'గగనచారి' అనే మలయాళ సినిమా వచ్చింది. దర్శకుడు అరుణ్ చందు. అందులోనూ నాశనమైపోయిన భవిష్యత్తు ఉంది, గ్రహాంతరవాసి ఉంది. కాకపోతే కథ చాలావరకు ముగ్గురు మగవాళ్లు ఉండే ఒక ఇంట్లోనే నడుస్తుంది. వాళ్లను ఎవరో డాక్యుమెంటరీ కోసం ఇంటర్వ్యూ చేస్తున్నట్టుగా సినిమా మొత్తం తీశారు.

'గగనచారి' పెద్ద వసూళ్ల సినిమా కాదు. కానీ చూసినవాళ్లు మరో పదిమందికి చెప్పి చూపించే సినిమా. ఇలా నోటిమాట మీద బతికే సినిమాలనే 'కల్ట్' అంటున్నాం. ప్రపంచ సినిమాలో ఇలాంటి చవక సైన్స్ ఫిక్షన్ కామెడీలకు యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అట్ట ముక్కలతో రాకెట్ కట్టినా, బంతికి రంగు పూసి గ్రహాంతరవాసి అన్నా, ప్రేక్షకుడు నవ్వుకుంటూనే ఎందుకు నమ్ముతాడు?

బంతి, బాంబు, తత్వశాస్త్రం

ఈ రకం సినిమాలకు పెద్దన్న లాంటిది 'డార్క్ స్టార్' (1974). జాన్ కార్పెంటర్, డాన్ ఒబానన్ అనే ఇద్దరు కుర్రాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాలో సినిమా చదువుకుంటూ దీన్ని మొదలుపెట్టారు. విద్యార్థుల సినిమాగా మొదలైన దాన్ని తర్వాత నిర్మాత జాక్ హ్యారిస్ డబ్బు పెట్టి పూర్తి నిడివికి తెచ్చారు. మొత్తం ఖర్చు సుమారు 60 వేల డాలర్లని చెబుతారు. అంతకు ఆరేళ్ల ముందు స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి కోటి డాలర్లకు పైనే అయింది.

కుబ్రిక్ సినిమాలో అంతరిక్షం గంభీరంగా, శుభ్రంగా, ఆలయంలా ఉంటుంది. 'డార్క్ స్టార్'లో అది బ్యాచిలర్ల గది. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న నౌక, విసిగిపోయిన నలుగురు మనుషులు. నౌకలో ఉన్న టాయిలెట్ పేపరంతా ప్రమాదంలో పోయింది. కెప్టెన్ చనిపోయాడు. శవాన్ని మంచులో భద్రపరిచి, అవసరమైనప్పుడు సలహా అడుగుతుంటారు.

అందులో గ్రహాంతరవాసి ఒక బీచ్ బంతి. రంగు పూసి, కింద గోళ్ల పాదాలు తగిలించారు. అంతరిక్ష సూట్ల ముందు భాగానికి బిగించినవి వంటింట్లో మఫిన్లు చేసుకునే రేకులు. లిఫ్ట్ సందులో మనిషి వేలాడే సన్నివేశాన్ని సెట్‌ను నేల మీద అడ్డంగా పరిచి తీశారు.

ఇవన్నీ చూసి నవ్వొస్తుంది. అయితే సినిమాను యాభై ఏళ్లు నిలబెట్టింది ఈ నవ్వు మాత్రమే కాదు. చివర్లో ఒక బాంబు పేలడానికి సిద్ధమై నౌకకే అతుక్కుపోతుంది. దానికి తెలివి ఉంది, మాటలొచ్చు, ఆజ్ఞ పాటించాలన్న పట్టుదలా ఉంది. దాన్ని ఆపడానికి డూలిటిల్ అనే అధికారి అంతరిక్షంలోకి వెళ్లి, బాంబుతో తత్వచర్చ మొదలుపెడతాడు. పేలమని ఆజ్ఞ వచ్చిందని నీకెలా తెలుసు? నీ ఇంద్రియాలు చెప్పింది నిజమేనని రుజువేంటి? బాంబు ఆలోచనలో పడి వెనక్కి వెళుతుంది. కాసేపటికి తానొక్కటే సత్యమని, మిగతాదంతా శూన్యమని తేల్చుకుని, సృష్టి మొదలుపెట్టే దేవుడిలా పేలిపోతుంది.

ఈ సన్నివేశానికి కావలసినవి ఒక మనిషి, ఒక గొంతు. దీనికి 60 వేల డాలర్లైనా, కోటి డాలర్లైనా ఒకటే. డబ్బు లేనివాళ్లు డబ్బు అక్కర్లేని చోటికి కథను నడిపించారు. ఈ సినిమాల ఆకర్షణకు మొదటి కారణం ఇదే. పేదరికాన్ని దాచడానికి ప్రయత్నించిన సినిమా త్వరగా దొరికిపోతుంది. దాన్నే కథలో ఇమిడ్చిన సినిమా నిలబడుతుంది. అంతరిక్ష నౌక పాడుబడినట్టు ఉందేమిటని ప్రేక్షకుడు అడిగేలోపే, ఇది పాడుబడిన నౌకే అని కథ చెప్పేస్తుంది.

ఆ బంతికి తర్వాత పట్టిన యోగం కూడా చెప్పుకోవాలి. 'డార్క్ స్టార్' చూసి జనం అనుకున్నంతగా నవ్వలేదని ఒబానన్ నిరాశపడ్డాడు. నవ్వించలేకపోతే భయపెడదామనుకున్నాడు. నౌకలో దూరిన జీవిని సిబ్బంది వెతుక్కునే అదే కథను తిరగరాశాడు. అది 1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 'ఏలియన్' అయింది.

విఠలాచార్య చూపించిన దారి

తెలుగు ప్రేక్షకులకు ఈ రుచి కొత్తదేమీ కాదు. బి. విఠలాచార్య జానపద చిత్రాలు సైన్స్ ఫిక్షన్ కావు కానీ, పనిచేసే తీరు ఇదే. దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. ట్రిక్ ఎలా చేశారో సగం మందికి తెలిసిపోతూనే ఉంటుంది. అయినా హాలంతా ఊగిపోయేది. కాల్షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ని ఆయన కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవాడని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గానీ, ఆ కథ అంతగా నిలిచిపోవడానికి కారణముంది. కొరతను కథతో పూడ్చడమనే విద్యను అది ఒక్క ముక్కలో చెబుతుంది.

సురభి నాటకాల్లో తీగ కనిపిస్తున్నా నారదుడు ఆకాశం నుంచి దిగుతున్నట్టే చూస్తాం. తీగను చూడకపోవడం ఇక్కడ మోసపోవడం కాదు, నాటకంలో పాలు పంచుకోవడం. ఖరీదైన గ్రాఫిక్స్ ప్రేక్షకుడికి అంతా సిద్ధం చేసి పెడతాయి. చవక ట్రిక్ సగమే చూపించి, మిగతా సగం ఊహించుకోమంటుంది. ఊహించిన ప్రేక్షకుడికి సినిమాలో తనకూ వాటా ఉన్నట్టు అనిపిస్తుంది. కల్ట్ అభిమానం పుట్టేది అక్కడే.

టైమ్ మెషీన్‌తో జాతకాలు

దక్షిణాదిలో ఈ పద్ధతిని బాగా పట్టుకున్న సినిమాల్లో ఆర్. రవికుమార్ తమిళంలో తీసిన 'ఇండ్రు నేట్రు నాళై' (2015) ఒకటి. 2065 నుంచి వచ్చిన టైమ్ మెషీన్ ఇద్దరు నిరుద్యోగుల చేతిలో పడుతుంది. హాలీవుడ్ హీరో అయితే దాంతో చరిత్రను మార్చడానికి బయలుదేరేవాడు. వీళ్లు జ్యోతిషం దుకాణం పెడతారు. ఎవరి వస్తువైనా పోతే, వెనక్కి వెళ్లి ఎక్కడ పోయిందో చూసొచ్చి, దివ్యదృష్టితో చెప్పినట్టు చెబుతారు. ఇలా ఒక్క ఆలోచనతో ఖర్చు తగ్గింది, నవ్వు పుట్టింది. విజ్ఞానం చేతికొచ్చినా జాతకంగానే అమ్ముకునే మన సమాజం మీద చురక కూడా పడింది. మన 'ఆదిత్య 369' (1991)లో సింగీతం శ్రీనివాసరావు టైమ్ మెషీన్‌ను కృష్ణదేవరాయల కొలువుకు పంపారు. దానికి రాజభవనాలు, సెట్లు కావాలి. ఇక్కడ నిన్న మొన్నటి వీధి చాలు.

రతీష్ బాలకృష్ణన్ పొదువాళ్ మలయాళ చిత్రం 'ఆండ్రాయిడ్ కుంజప్పన్ వెర్షన్ 5.25' (2019) ఇంకా ఇంటికి దగ్గరైన కథ. కొడుకు విదేశంలో ఉద్యోగం చేస్తుంటాడు. పయ్యన్నూరులో ఒంటరిగా ఉన్న మొండి తండ్రికి తోడుగా ఒక రోబోను తెచ్చిపెడతాడు. ఆ రోబో గ్రాఫిక్స్ కాదు. సూరజ్ తేలక్కాడ్ అనే పొట్టి నటుడు లోపల ఉండి నడిపిన దుస్తు. ముసలాయన దానికి చొక్కా, లుంగీ కడతాడు. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, సీసీ కెమెరాల్లో అమ్మానాన్నలను చూసుకునే తెలుగు ఇళ్లలో ఈ కథకు వివరణ అవసరం లేదు.

జపాన్‌లోని క్యోటోకు చెందిన యూరప్ కికాకు అనే నాటక బృందం తీసిన 'బియాండ్ ది ఇన్ఫినిట్ టూ మినిట్స్' (2020) దీన్ని మరో అంచుకు తీసుకెళ్లింది. దర్శకుడు జుంటా యమగుచి. కింద కాఫీ హోటల్, పైన యజమాని గది. పైనున్న కంప్యూటర్ తెర మీద రెండు నిమిషాల తర్వాత జరగబోయేది కనిపిస్తుంది. ఇంతే టైమ్ మెషీన్. కథ ఆగకుండా ఒకే షాట్‌లా సాగుతుంది. సినిమాను ఫోన్‌తో చిత్రీకరించారు. తెరలోని మనుషులు చెప్పిందే రెండు నిమిషాల తర్వాత అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పాలి. ఇక్కడ స్పెషల్ ఎఫెక్ట్ అంటే నటుల రిహార్సలే.

నవ్వు ఎవరి మీద?

ఇంతవరకు చెప్పుకున్నవి తెలిసి నవ్వించిన సినిమాలు. తెలియక నవ్వించినవీ ఉన్నాయి. ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' 1950ల నాటి అమెరికన్ సినిమా. నటుడు బేలా లుగోసి 1956లో చనిపోతే, అంతకుముందు తీసిన కొద్దిపాటి ఫుటేజీని ఇందులో వాడేశారు. మిగతా సన్నివేశాల్లో ఏ పోలికా లేని వేరే మనిషి ముఖానికి వస్త్రం అడ్డం పెట్టుకుని తిరుగుతాడు. 1980లో మెడ్వెడ్ సోదరులు తమ పుస్తకంలో దీన్ని ఎప్పటికీ అత్యంత చెత్త సినిమాగా ప్రకటించారు. ఆ ముద్రతోనే అది కల్ట్ అయింది. అప్పటికి రెండేళ్ల కిందటే, 1978లో, ఎడ్ వుడ్ చితికిపోయి, అద్దె ఇంటి నుంచి గెంటేయించుకుని చనిపోయాడు. తన సినిమా చూసి హాళ్లు నవ్వడం ఆయన చూడలేదు. చూసి ఉంటే సంతోషించేవాడని చెప్పడం కష్టం.

ఇక్కడే ఈ అభిమానంలో ఒక చిక్కుంది. చవక సినిమాను చూసి నవ్వేది సాధారణంగా మంచి సినిమాలు చూసిన చదువుకున్నవాళ్లు. ఆ నవ్వులో ప్రేమ ఎంత, చిన్నచూపు ఎంత?

మన దేశంలో దీనికి జవాబు వెతకాలంటే మాలేగావ్ వెళ్లాలి. మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో మరమగ్గాల పట్టణమది. బయటివాళ్లకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది 2006, 2008 బాంబు పేలుళ్లే. ఆ ఊళ్లో వీడియో పార్లర్ నడిపిన షేక్ నాసిర్, స్నేహితులతో కలిసి 'షోలే'కు ఊరి వెర్షన్ తీశాడు. తర్వాత సూపర్‌మ్యాన్ మీద పడ్డాడు. షఫీక్ అనే మరమగ్గాల కార్మికుడు అందులో సూపర్‌మ్యాన్. ఎముకల గూడు లాంటి బక్క శరీరం, పైన బిగుతు దుస్తులు. ఆకుపచ్చ గుడ్డ ముందు మనిషిని అడ్డంగా పడుకోబెట్టి ఎగిరించారు. ఆ ఊరి గాలికి సూపర్‌మ్యాన్‌కే ఉబ్బసం వస్తుంది. విలన్‌కు మురికి అంటే మోజు.

ఈ షూటింగును ఫైజా అహ్మద్ ఖాన్ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' (2008) పేరుతో డాక్యుమెంటరీగా తీశారు. అందులో కెమెరా నీళ్లలో పడిపోతుంది. షూటింగ్ మధ్యలో హీరో పెళ్లి చేసుకుంటాడు. చూస్తూ కడుపుబ్బ నవ్వుతాం. కానీ మనకంటే ముందే వాళ్లు నవ్వుకుంటున్నారని కాసేపటికి అర్థమవుతుంది. ఉబ్బసం ఉన్న సూపర్‌మ్యాన్ వాళ్ల అజ్ఞానం కాదు. దుమ్ములో, పొగాకు మధ్య బతికే ఊరు తన గురించి తాను వేసుకున్న జోకు. సూపర్‌మ్యాన్‌గా వేసిన షఫీక్ తర్వాత క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ సంగతి తెలిసి మళ్లీ చూస్తే నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఈ మిత్రుల కథనే రీమా కాగ్తీ 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' పేరుతో తీయగా, 2025 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది.

ఎడ్ వుడ్‌ను చూసి నవ్వాం. మాలేగావ్‌తో కలిసి నవ్వాం. తేడా ట్రిక్కుల నాణ్యతలో లేదు. తన చేతిలో ఏముందో, ఏం లేదో తీసినవాడికి తెలుసా అన్నదే తేడా.

కావాలని చెడగొడితే రాదు

దీన్ని సూత్రంగా మార్చి అమ్మే ప్రయత్నాలూ జరిగాయి. అమెరికాలో సైఫై చానల్ కోసం తీసిన 'షార్క్‌నేడో' (2013)లో సుడిగాలి షార్కులను నగరం మీదికి విసురుతుంది. మొదటిసారి జనం సరదాపడ్డారు. తర్వాత ఐదు కొనసాగింపులు తీశారు. ప్రతిసారీ ముందే కన్ను గీటుతూ వచ్చే జోకు ఎంతకాలమని నవ్విస్తుంది? 'డార్క్ స్టార్'లో బంతిని వాడింది అంతకంటే మంచిది కొనలేక. మంచిది కొనగలిగీ బంతినే చూపిస్తే అది అలంకారం మాత్రమే.

తెలుగులో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' (2021) ఈ దారిలో ఒక అడుగు వేసింది. కరోనా మందు ప్రయోగం వికటించి రాయలసీమలో జాంబీలు పుడతాయి. ఫ్యాక్షన్ సినిమాల కోసం దశాబ్దాలుగా నూరిన వేట కొడవళ్లు వాటి మీదికి లేస్తాయి. అరువు తెచ్చుకున్న జాంబీ, ఊరి సరుకుతో కలిసి కొత్త వంటకమైంది. అలాంటివి ఇంకా రావాలంటే ఆలోచనలకు కొదవ లేదు, ఫోన్ కెమెరాలకూ కొదవ లేదు. కరువైంది ఓపిక. కల్ట్ సినిమా మొదటి మూడు రోజుల్లో తేలేది కాదు. 'డార్క్ స్టార్' కూడా విడుదలైనప్పుడు ఆడలేదు, ఏళ్ల తరబడి చేతులు మారుతూ చేరాల్సినవాళ్లకు చేరింది. శుక్రవారం విడుదలై సోమవారానికి థియేటర్ ఖాళీ చేయాల్సి వచ్చే చోట, ఓటీటీ సంస్థలు పెద్ద పేర్లు లేని సినిమాను కొనడానికే వెనకాడే చోట, ఆ వ్యవధి దొరకడం లేదు.

600 కోట్ల భవిష్యత్తును ఊహించేవాళ్లు కొద్దిమందే ఉంటారు. మిగతావాళ్లు ఊహించే భవిష్యత్తులో పెట్రోలు ధర, ముసలి తండ్రి, పోయిన గొలుసు, ఊరి దుమ్ము ఉంటాయి. అవి తెరకెక్కేది ఎక్కువగా ఇలాంటి సినిమాల్లోనే.