పెట్టె గొప్పా, గడియ గొప్పా?

1936లో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో ఒక రైతు, నీళ్లు తీసేసి ఆరబెట్టిన బురదనేలను దున్నుతుంటే నాగలికి ఏదో అడ్డుపడింది. తవ్వి చూస్తే గొలుసు చుట్టిన ఓక్ చెక్క పెట్టె. దాదాపు వెయ్యేళ్ల కిందట, వైకింగుల కాలంలో బతికిన ఒక పనివాడి సొత్తు అది. అందులోనూ చుట్టుపక్కలా కలిపి రెండు వందలకు పైగా వస్తువులు దొరికాయి. సుత్తులు, పట్టుకార్లు, రంపాలు, ఆకురాళ్లు, బాడిశలు, గొడ్డళ్లు, తాళాలు. వడ్రంగమూ కమ్మరమూ రెండూ తెలిసిన మనిషి అయ్యుండాలి. మెస్టర్‌మీర్ పెట్టెగా పేరుపడిన ఆ సొత్తు ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఆ పెట్టె సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పు. పనివాడి కార్ఖానా అంతా అందులోనే. దాని ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అడుగున ఉన్న బర్మా కావాలంటే పైనున్నవన్నీ బయట పడెయ్యాలి. చిన్న మరమ్మతుకు పిలుపొచ్చినా మొత్తం బరువు మోసుకెళ్లాలి, లేదంటే కావలసినవి ఏరుకుని గుడ్డలో మూటకట్టుకోవాలి. తర్వాతి శతాబ్దాల్లో పెట్టెకు సొరుగులు వచ్చాయి, మూత లోపల రంపాలు తగిలించే కొక్కేలు వచ్చాయి, రెండు వైపులా అరలు విచ్చుకునే ఇనుప పెట్టెలు వచ్చాయి. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇప్పటికీ అమ్ముడుపోయేవి ఎక్కువగా ఆ చివరి రకమే. వీటన్నిటిలోనూ మారనిది ఒకటే: పెట్టె ఒక్కటి. పని ఏదైనా మోత అంతే.

అసలు చిక్కు కరెంటు పనిముట్లతో మొదలైంది. డ్రిల్లింగ్ మెషీన్, జిగ్‌సా, సాండర్, గ్రైండర్ ఇళ్ల పనుల్లోకి దిగాక, కంపెనీలు ఒక్కోదానికీ ఒక్కో ప్లాస్టిక్ పెట్టె ఇచ్చాయి. గాలి ఊది పోతపోసే ఆ పెట్టెలు మెషీన్ ఆకారాన్ని బట్టి తయారవుతాయి. ఒకదాని వీపు గుండ్రం, ఇంకోదాని మూత ఏటవాలు. నాలుగు మెషీన్లు కొన్న వడ్రంగి చేతిలో నాలుగు తీరుల నాలుగు పెట్టెలు. ఒకదాని మీద ఒకటి పెడితే జారిపోతాయి, పక్కపక్కన పెడితే బండి నిండిపోతుంది. లోపలి వస్తువును కాపాడటంలో వాటికి లోటు లేదు. పక్కనున్న పెట్టెతో ఎలా ఉండాలన్నది మాత్రం వాటిని గీసినవాళ్లు ఆలోచించలేదు.

ఆ ఆలోచనకు గట్టి రూపం ఇచ్చినవాళ్లు జర్మన్లు. ఇల్లర్‌టిస్సెన్‌లోని టానోస్ అనే సంస్థ, వడ్రంగపు యంత్రాలు చేసే ఫెస్టూల్ కోసం 1993లో ఒక పెట్టెల వరసను తెచ్చింది. దాని పేరు సిస్టెయినర్. బయటికి చూస్తే ఏ విశేషమూ కనిపించని బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె. విశేషమంతా కొలతల్లో ఉంది. అడుగు 396 మిల్లీమీటర్ల పొడవు, 296 వెడల్పు. అంటే 400కి 300 అనే గడిలో కాస్త సందు వదిలి కూర్చునే కొలత. యూరప్ సరుకు రవాణా అంతా నడిచే చెక్క ప్యాలెట్ కొలత 1200కి 800. లెక్క వేసి చూడండి, ఒక పొరకు సరిగ్గా ఎనిమిది పెట్టెలు, మిగిలే జాగా లేదు. పనివాడి చేతిపెట్టెను గీసేటప్పుడే గోదామునూ లారీనీ దృష్టిలో పెట్టుకున్నారన్నమాట.

ఎత్తుల లెక్క ఇంకా ముచ్చటైనది. మొదటి పెట్టె 105 మిల్లీమీటర్లు. రెండోది 157.5. మూడోది 210, నాలుగోది 315, ఐదోది 420. ఇవి ఏదో తోచినట్టు పెట్టిన అంకెలు కావు. అన్నీ 52.5కి గుణిజాలు. మొదటి రకం రెండు పెడితే మూడో రకం ఎత్తు వస్తుంది. రెండో రకం రెండు పెడితే నాలుగోది. మొదటిదీ మూడోదీ కలిసినా నాలుగోదే. కాబట్టి పక్కపక్కనే రెండు దొంతరలు పేర్చినప్పుడు, లోపలి పెట్టెలు వేరైనా పైతలం సమంగా వస్తుంది. ఆ సమతలం మీద పలక వేసి కోసుకోవచ్చు, మరో వరస పేర్చుకోవచ్చు. ఒక చిన్న కొలతను పట్టుకుని మిగతా అన్నిటినీ దానికి కట్టుబడేలా చేయడం నిజమైన ఇంజనీరింగు అని నేను నమ్ముతాను. చూసేవాళ్ల కంటికి ఆనదు, వాడేవాడికి మాత్రం రోజూ తెలుస్తుంది.

కొలత కుదిరితే సరిపోదు, ముడి కూడా కుదరాలి. పేర్చిన పెట్టెలు రెండు రకాలుగా కదులుతాయి. ఒకటి పక్కకు జారడం. కింది మూత మీద గళ్లు, పై పెట్టె అడుగున కాళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటే అది ఆగిపోతుంది. రెండోది పైకి లేవడం, అంటే పై పిడి పట్టుకుని ఎత్తినప్పుడు కిందిది ఊడిపోవడం. దీన్ని గళ్లు ఆపలేవు, గడియ కావాలి. దొంతరను పై పిడితో ఎత్తిన క్షణంలో కింది పెట్టెల బరువంతా ఆ గడియల మీదే వేలాడుతుంది. కింద పెట్టగానే బలం తిరగబడుతుంది. అప్పుడు పై పెట్టెల బరువు గోడల మీదుగా నేలకు దిగుతుంది. సన్నటి ప్లాస్టిక్ గోడ ఒత్తిడికి ఉబ్బిపోకుండా లోపలా బయటా నిలువు గట్లు పోస్తారు. అవి అలంకారం కోసం కావు, ఆ బరువు దిగే దారులు.

తొలి సిస్టెయినర్‌కు నాలుగు చిన్న గడియలు ఉండేవి. పని చేసేవి కానీ, నాలుగూ విడిగా తీసి వెయ్యాలి. 2010లో వచ్చిన టీ-లాక్ దాన్ని మార్చింది. ముందువైపు ఒకే ఒక్క తిరిగే పిడి. ఆ ఒక్కదాన్నే తిప్పుతూ మూత బిగించవచ్చు, తెరవవచ్చు, పై పెట్టెతో ముడి వెయ్యవచ్చు. అంతకంటే మేలైన సంగతి, దొంతరలో కింద ఉన్న పెట్టెను పైవాటిని విడదీయకుండానే తెరవవచ్చు. వైకింగు పనివాడి ఇబ్బంది ఇక్కడికి తీరింది. 2020లో వచ్చిన మూడో తరం పెట్టెకు పక్కల గాళ్లు ఉన్నాయి. వ్యాన్ లోపలి అరల్లోకి సొరుగులా జారిపోతుంది. పాత తరాలతో పొత్తు తెంచుకోకుండానే ఇవన్నీ చేశారు.

ఈ కథకు ఒక పెద్దన్న ఉన్నాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ వ్యాపారం మాల్కమ్ మెక్లీన్‌ది. కంటైనర్ మూలల్లో రంధ్రాలు పెట్టి, అందులో దూరి తిరిగి బిగుసుకునే గడియను రూపొందించిన ఇంజనీరు కీత్ టాంట్లింగర్. ఇనుప పెట్టె చేయడం ఎవరికైనా వచ్చు. దాన్ని ఓడకూ లారీకీ సాటి పెట్టెకూ క్షణాల్లో బిగించి విప్పగల మూల ఆయన తెచ్చినది. ఆ తర్వాత జరిగినదే ముఖ్యం. ఆ బిగింపు మీది పేటెంటు హక్కులను మెక్లీన్ కంపెనీ వదులుకుంది, 1968లో కంటైనర్ కొలతలకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇవాళ విశాఖ రేవులో దిగే కంటైనర్ ఏ దేశంలో తయారైనా క్రేనుకు తేడా తెలియదు.

పనిముట్ల పెట్టెల లోకంలో అలాంటిది జరగలేదు. బాష్ కంపెనీతో కలిసి సోర్టిమో తెచ్చిన ఎల్-బాక్స్ అడుగు 442కి 357. సిస్టెయినర్ గడిలో అది కూర్చోదు. మిల్వాకీ 2017లో ప్యాకౌట్ తెచ్చింది. పై పెట్టె పళ్లను కింది మూత గళ్లలో కూర్చి జారిస్తే గడియ దానంతట అదే పడే పద్ధతి. మొరటు సైట్లకు తగిన దృఢత్వం దానిది, పెద్ద చక్రాల పెట్టె మీద దొంతరంతా దొర్లించుకుపోవచ్చు. డివాల్ట్‌కైతే టఫ్‌సిస్టమ్, టీస్టాక్ అని రెండు కుటుంబాలు, ఆ రెండూ ఒకదానితో ఒకటి నేరుగా కలవవు. మకీటా మాత్రం తన మాక్‌ప్యాక్‌ను సిస్టెయినర్‌తో ముడిపడేలా చేసుకుంది. మిగతావాళ్లలో చాలామందికి ఎవరి గడియ వారిది. మొదటి పెట్టె కొన్న రోజునే పదో పెట్టె ఎవరి దగ్గర కొనాలో నిర్ణయమైపోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. మార్గం ఉందని కంటైనర్ చూపించింది, తెలిసీ ఆ మార్గంలో నడవలేదు. విసిగిపోయిన పనివాళ్లు త్రీడీ ప్రింటర్ మీద మధ్యపలకలు పోసుకుని ఒక కంపెనీ పెట్టె మీద ఇంకో కంపెనీ పెట్టెను బిగించుకుంటున్నారు. ఆ పలకలు దిగిన చోటల్లా ఒక ప్రమాణం లోటు కనిపిస్తుంది.

అందుకే ఎంచుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: పెట్టెను చూడకండి, గడియను చూడండి. సిమెంటు ధూళి, చెక్కపొట్టు, గోడ గీకిన సున్నం పడినా అది ఆడుతుందా? చేతిలో వైరు ఉండగా మరో చేత్తో తియ్యగలరా? అది విరిగితే విడిగా దొరుకుతుందా, లేక పెట్టే మార్చాలా? కింది పెట్టె తెరవాలంటే పైవి దించాలా? రోజుకు ఇరవై సార్లు చేసే పని ఇది, దుకాణంలో రంగు చూసి తేల్చుకునేది కాదు.

రెండోది బరువు. దీనికి లెక్క వేసి చూపిస్తాను. 400కి 300, ఎత్తు 210 ఉన్న పెట్టె బయటి కొలత ప్రకారం సుమారు 25 లీటర్లు. అందులో ఐదో వంతు మాత్రమే ఇనుము ఉన్నా, లీటరు ఉక్కు 7.8 కిలోలు కాబట్టి 39 కిలోలు అవుతుంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే బరువు 23 కిలోలు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ సూత్రం చెబుతుంది. 105 మిల్లీమీటర్ల పెట్టెలో అదే పాళ్లలో ఇనుము పెడితే 20 కిలోల దగ్గర ఆగుతుంది. పానాలు, రెంచీలు, సాకెట్లు పొట్టి పెట్టెలోకి. డ్రిల్లు, హీట్‌గన్ లాంటి బోలు వస్తువులు ఎత్తు పెట్టెలోకి. పెద్ద పెట్టె కొంటే అన్నీ పడతాయి కదా అన్న ఆశ నడుముకు చేటు. దొంతరలో కూడా ఇనుము కిందే ఉండాలి. బరువు కిందికి దిగినకొద్దీ చక్రాల మీద దొంతర ఒరగదు.

మూడోది ఎండ. ఈ పెట్టెల్లో కొన్నిటి ప్లాస్టిక్ ఏబీఎస్. గట్టిదైనా పెళుసైన పదార్థంలో సూక్ష్మమైన రబ్బరు రేణువులు కలిపి చేస్తారు. పెట్టె కింద పడ్డప్పుడు మొదలైన పగులు ఆ రేణువుల దగ్గర శక్తి పోగొట్టుకుని ఆగిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందుగా దాడి చేసేది ఆ రబ్బరు మీదే. రంగు పచ్చబడుతుంది, పెట్టె పెళుసవుతుంది. మసి కలిపిన నల్ల ప్లాస్టిక్ ఈ దెబ్బను బాగా తట్టుకుంటుంది. మే నెలలో మన ఊళ్లలో బండి వెనక కట్టి తిప్పేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. లేత రంగు పెట్టె మీద ఒక పాత పట్టా కప్పినా దాని ఆయుష్షు పెరుగుతుంది. వానకాలానికి ఐపీ65 అని రాసి ఉందేమో చూడండి. మొదటి అంకె దుమ్ము చొరబడదని, రెండోది అన్ని వైపుల నుంచీ నీటి ధార కొట్టినా తట్టుకుంటుందని. మూత మధ్య రబ్బరు పట్టీలో ఇసుక చేరితే ఆ హామీ పోతుంది, తుడుస్తూ ఉండాలి.

ఇవన్నీ వ్యాన్ ఉన్న పనివాడిని తలచుకుని పుట్టిన వ్యవస్థలు. మన ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్, ప్లంబర్ ఎక్కువమంది ఎక్సెల్ బండి మీదో మోటార్‌సైకిల్ మీదో తిరుగుతారు. వాళ్లకు పది పెట్టెల దొంతర అక్కర్లేదు. చక్రాల పెట్టె అసలే వద్దు, మూడో అంతస్తు మెట్ల మీద అది భారం. కావలసినవి మూడు: రోజూ చేతికందేవి ఒకదానిలో, మెషీన్ ఒకదానిలో, స్క్రూలూ కనెక్టర్లూ గళ్ల పెట్టెలో. క్యారియర్ కొలిచి, దానికి సరిపోయే అడుగు ఉన్న వరస ఎంచుకోవాలి. ఇంటి ముందు రెండు పెట్టెలు బండి మీదే వదిలి, పనికి అవసరమైన ఒక్కటీ ఊడదీసుకుని పైకి వెళ్లగలిగితే ఈ ఏర్పాటుకు పెట్టిన ధర గిట్టినట్టే. అలా విడదీసి మోయని మనిషికి మంచి కాన్వాస్ సంచి చాలు. తక్కువ ధర, తక్కువ బరువు. ఫర్నిచర్ పని చేసే మేస్త్రీలకు, టాటా ఏస్ మీద సామాను తిప్పే బృందాలకు మాత్రం ఈ పెట్టెలు నిజంగా పని మార్చేస్తాయి. పొద్దున సామాను ఎక్కించే సమయమూ, సాయంత్రం ఏది పోయిందో వెతికే సమయమూ తగ్గుతాయి.

సెట్టుగా అమ్మేది ఒకేసారి కొనకండి. ముందు రెండు పెట్టెలు తీసుకోండి, అదీ మీ ఊళ్లోనో దగ్గరి పట్నంలోనో విడి పెట్టెలు దొరికే కంపెనీవి. దుకాణంలోనే కింది పెట్టెలో పది కిలోల ఇనుము వేయించి, రెండూ ముడివేసి, పై పిడి పట్టుకుని ఎత్తి నాలుగడుగులు నడవండి. గడియ దగ్గర కిర్రుమన్నా, సందు కనిపించినా వదిలెయ్యండి. తర్వాత ఒక చేత్తో పై పెట్టె ఊడదీసి చూడండి. ఒక నెల ఆ రెండింటితో పని చేశాక మూడోది ఏ ఎత్తుది కావాలో మీకే తెలిసిపోతుంది.