సెల్‌ఫోన్ సిగ్నల్ బూస్టర్లతో ఇరుగుపొరుగు కాల్స్‌కు అంతరాయం

ఇంట్లో సిగ్నల్ అందడం లేదని కొందరు అనుమతి లేని బూస్టర్లను అమర్చుకుంటున్నారు. ఇది చట్టవిరుద్ధం. బూస్టరు తన యజమాని మాటతోపాటు రొదను కూడా పెంచి టవరుకు పంపుతుంది. ఆ రొదలో టవరుకు దూరంగా ఉన్న ఫోన్ల బలహీన సంకేతాలు మరుగున పడతాయి. 112 నంబరుకు చేసే అత్యవసర కాల్ సైతం తెగిపోయే ప్రమాదం ఉంది.

అడ్డంకి లేని చోటనే దూరం రెట్టింపయితే సంకేతశక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. పట్టణాలలో భవనాల వలన తగ్గుదల ఇంకా ఎక్కువ. జపాన్‌కు చెందిన ఒకుమురా 1968లో ప్రచురించిన టోక్యో కొలతలను హాటా 1980లో సూత్రాలుగా కూర్చారు. టవరు ఎత్తు, దూరం, పౌనఃపున్యాలను బట్టి సిగ్నల్ నష్టాన్ని వీటితో అంచనా వేయవచ్చు. అయితే సూత్రం సగటునే చెబుతుంది, ఫలానా వీధిలోని గోడను ఎరుగదు. కనుక వీధుల్లో కొలతలు తప్పవు.

సిగ్నల్ లేనిచోట వినియోగదారులు బూస్టరు కొనక, తమ ఆపరేటరుకు ఫిర్యాదు చేయవలసిందిగా కోరడమైనది.