గోడ మీద దూకే సాలీడు: ఏది? ఎందుకు? ఎలా?

మరమగ్గాల పనికి సూరత్ వెళ్లి లింబాయత్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇల్లయినా, వరంగల్‌లో వాళ్ల సొంతిల్లయినా గోడ మీద ఇలాంటి సాలీడు తారసపడుతూనే ఉంటుంది. వేటకు వల కట్టదు. ట్యూబులైటు దగ్గర ఈగ వాలితే మెల్లగా జరుగుతూ వెళ్లి ఒక్క ఉదుటున మీద పడుతుంది. వేలు దగ్గరికి తెస్తే పారిపోవడానికి ముందు మనవైపు తిరిగి చూస్తుంది.

దీని పేరేమిటి?

ఉష్ణమండలపు ఇళ్లలో బాగా కనబడే జాతి ప్లెక్సిపస్ పేకుల్లీ. ఫ్రెంచి శాస్త్రవేత్త ఒదువాఁ 1826లో దీన్ని వర్ణించాడు. ఇప్పుడు వేడి దేశాలన్నిటా ఉంది. అయితే దూకే సాలీళ్ల కుటుంబం సాల్టిసిడేలో 6 వేలకు పైగా జాతులున్నాయి. సాలీళ్లలో ఇంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు. అందుకని దూకిందల్లా పేకుల్లీ కాదు.

ఎలా గుర్తుపట్టాలి?

ముందు ముఖం చూడండి. ఎదురుగా నాలుగు కళ్లు వరసగా ఉండి, మధ్య రెండూ మరీ పెద్దవైతే అది దూకే సాలీడే. తర్వాత పైనుంచి చూడండి. మగదైతే నల్లటి ఒంటి మీద నడిమధ్యన తెల్లటి పట్టీ తల నుంచి పొట్ట చివరిదాకా సాగుతుంది. పొట్ట వెనక భాగంలో పట్టీకి అటొకటి, ఇటొకటి తెల్లచుక్కలుంటాయి. ఆడది బూడిద కలిసిన గోధుమరంగు, పట్టీ కూడా లేత గోధుమే. పొడవు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ.

తికమక పెట్టేది దగ్గరి చుట్టమైన ప్లెక్సిపస్ పీటర్సీ. మగవాటిలో పట్టీ ఎక్కడ మొదలైందో చూడాలి. పేకుల్లీలో ముందు కళ్ల దగ్గరే మొదలవుతుంది, పీటర్సీలో ఇంకాస్త వెనక. ఒళ్లు చదునుగా, బూడిదరంగు నూగుతో గోడకు అతుక్కున్నట్టుంటే అది మెనెమెరస్ బైవిట్టాటస్ కావచ్చు.

ఒక్క ఫోటో చూసి జాతి పేరు ఖాయం చేసేవాళ్లను నేను అంతగా నమ్మను. పిల్ల సాలీళ్లకు ఈ గుర్తులు పూర్తిగా రావు. శాస్త్రజ్ఞులు చివరికి చూసేది జననాంగాలనే. మగదానికి నోటి పక్కనుండే పెడిపాల్పుల కొసలు ఉబ్బి ఉంటాయి. వీర్యాన్ని ఆడదానికి అందించేవి అవే. ఆడదానికి పొట్ట అడుగున ఎపిజైన్ అనే గట్టి పలక ఉంటుంది. వీటి ఆకారం జాతికో తీరుగా ఉంటుంది, చూడ్డానికి సూక్ష్మదర్శిని కావాలి.

దూరం ఎలా అంచనా వేస్తుంది?

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించేది ఇదే. పెద్ద కళ్లు రెండూ లోపలికి పొడవాటి గొట్టాలు. పైనున్న కటకం కదలదు, లోపలి రెటీనానే కండరాలు అటూ ఇటూ తిప్పుతాయి. అందుకే కన్ను ఒకసారి నల్లగా, మరోసారి గోధుమరంగులో కనబడుతుంది. నల్లగా కనబడినప్పుడు అది మిమ్మల్నే చూస్తోంది.

ఆ రెటీనాకు నాలుగు పొరలు. ఇళ్లలోనే తిరిగే మరో దూకే సాలీడు హసారియస్ అడన్సోనీ మీద జపాన్ శాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష 2012లో వెలువడింది. పచ్చకాంతిలో బొమ్మ అన్నిటికన్నా లోపలి పొర మీద స్పష్టంగా, దాని ముందు పొర మీద మసగ్గా పడుతుంది. ఆ మసక ఎంతో చూసుకుని సాలీడు దూరం తేల్చుకుంటుంది. పచ్చకాంతిలో గురి తప్పలేదు, ఎర్రకాంతిలో మాత్రం ఎరను అందుకోకుండా ముందే పడింది. మిగతా ఆరు కళ్లు చుట్టుపక్కల కదలికలను కనిపెట్టడానికి.

దూకే బలం ఎక్కడిది?

సాలీడు కాలి ముఖ్యమైన కీళ్లలో ముడిచే కండరాలున్నాయి, చాచేవి లేవు. శిరోవక్షంలోని కండరాలు బిగిసి ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి నెడితే, జేసీబీ చేయి నూనె ఒత్తిడితో లేచినట్టు వెనక కాళ్లు చాచుకుంటాయి. చచ్చిన సాలీడు కాళ్లు లోపలికి ముడుచుకుపోవడానికి కారణమిదే. ఒత్తిడి పోయాక చాచేది ఏదీ ఉండదు. దూకేముందు గోడకు ఒక దారం అతికిస్తుంది కాబట్టి గురి తప్పినా దారానికి వేలాడి పైకి ఎక్కొస్తుంది.

కరుస్తుందా?

చేత్తో నొక్కితే కరవొచ్చు, కానీ దాని విషంతో మనిషికి ప్రమాదం లేదు. ఈగలు, దోమలు, ఒక్కోసారి తోటి సాలీళ్లు దాని తిండి. పగుళ్లలో, మూలల్లో కనబడే చిన్న తెల్లటి పట్టు సంచి బూజు కాదు. అది విశ్రాంతికి, గుడ్లు పెట్టడానికి అల్లుకున్న గూడు. బూజుకర్రతో దులిపేటప్పుడు దాన్ని వదిలేయొచ్చు.